మరమ్మతు: గోదావరి ఒడ్డున ఒక చేతిపని చరిత్ర

ఏటేటా మన సంచికలో పెద్దల జీవితాల గురించి, పిల్లల చదువుల గురించి, ఊరి మస్జిదుల గురించి వ్యాసాలు చదువుతున్నాం. అవి ఉండవలసినవే. ఈసారి మేము ఎత్తుకున్న విషయం మాత్రం ప్రతి ఇంట్లో అటక మీదో, మంచం కిందో పడి ఉండే రేకు పెట్టె. అందులో ఒక పానా, ఒక పేచ్‌కస్, ఒక పట్టకారు, తుప్పు పట్టిన నాలుగు నట్లు, పారేయడానికి చేతులు రాక దాచిన ఒక తోలు వాషరు ఉంటాయి. దీనికీ చరిత్ర ఉంటుందా అని పిల్లలు నవ్వవచ్చు. ఉంటుంది. భద్రాచలం చుట్టుపక్కల మన కుటుంబాలు ఎలా బతికాయో, ఏ దారిన ఏ వస్తువు వచ్చిందో, దాన్ని ఎవరు విప్పి చూశారో ఆ పెట్టె చెబుతుంది.

ముందుగా మాట సంగతి చూద్దాం. మరమ్మతు అన్నది పుట్టుకతో అరబ్బీ మాట. ఫారసీ, ఉర్దూల మీదుగా తెలుగులోకి వచ్చి, ఇప్పుడు చెరువు గండికీ, బడి కప్పుకీ, ఫ్యానుకీ అందరూ వాడే మాట అయిపోయింది. కళాయి కూడా అంతే. తగరానికి ఉన్న అరబ్బీ పేరు నుంచి వచ్చింది. దుకాణం, కారఖానా ఆ దారిలోవే. పేచ్ అంటే మర, కస్ అంటే బిగించడం. రెండూ కలిస్తే పేచ్‌కస్. మేస్త్రీ మాత్రం పోర్చుగీసు వాళ్లు సముద్రం మీద తెచ్చిన మాట. ఒక జాతి మరొక జాతి దగ్గర పని నేర్చుకుంటే ఆ పనితో పాటు మాటా వస్తుంది. తెలుగులో బాగుచేసే పనికి ఇన్ని ఉర్దూ మాటలు ఉన్నాయంటే, ఆ పని చేసిన చేతుల్లో మనవాళ్ల చేతులూ తగినన్ని ఉన్నాయనే అర్థం.

పాతతరం వాళ్లకు కళాయి వేసే మనిషి కేక గుర్తుండే ఉంటుంది. ఇంటి ముందు చిన్న గుంట తవ్వి, బొగ్గు పోసి, తిత్తితో ఊది, ఇత్తడి గిన్నెను కాల్చి, నవాసాగరం పొడి చల్లి, తగరం ముక్క రాసి, దూదితో ఒక్క తిప్పు తిప్పితే గిన్నె లోపల వెండిలా మెరిసేది. నవాసాగరం ఇత్తడి మీది చిలుమును తీసేస్తుంది. అప్పుడే తగరం అతుక్కుంటుంది. ఆ కిటుకు తెలియని వాడు ఎంత తగరం పోసినా పెచ్చులుగా రాలిపోతుంది. దూదేకుల వారి విల్లు సంగతీ ఇలాంటిదే. నరం తెగితే వాళ్లే వేసుకునేవారు, కర్ర వంగితే వాళ్లే సరిచేసుకునేవారు. పనిముట్టును బాగుచేయడం వేరే పని కాదు, వృత్తిలో భాగమే. స్టీలు గిన్నెలు రావడంతో కళాయి పోయింది. మిల్లు పరుపులు రావడంతో విల్లు మూలన పడింది. కానీ విప్పి చూసే అలవాటు మాత్రం పోలేదు. అది వేరే వస్తువుల మీదికి మారింది.

రెండు దారులు

మన ప్రాంతంలో ఈ మార్పు ఎలా వచ్చిందో తెలియాలంటే గోదావరిని చూడాలి. 1860లో నిజాం ప్రభుత్వం ఎడమ ఒడ్డు తాలూకాలను ఇంగ్లీషు వాళ్లకు ఇచ్చేసింది. అప్పటి నుంచి 1948 దాకా భద్రాచలం ఒక రాజ్యం, ఎదుటి బూర్గంపాడు మరో రాజ్యం. నడుమ నది. 1874లో భద్రాచలాన్ని మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో కలిపారు. 1959లో గానీ అది ఖమ్మం జిల్లాలోకి రాలేదు. కాబట్టి వస్తువులూ, వాటితో పాటు వాటిని బాగుచేసే విద్యా మనకు రెండు దారుల్లో వచ్చాయి.

ఒకటి పడవ దారి. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్‌కు గోదావరిని మధ్య పరగణాల దాకా పత్తి పడవల దారిగా మార్చాలని పెద్ద కోరిక ఉండేది. దాని కోసమే దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట, లాకులు కట్టారు. రైళ్లు వచ్చాక ఆ పథకం గిట్టుబాటు కాదని 1871లో పని మానేశారు. పథకం పోయినా పడవ దారి పోలేదు. రాజమండ్రి నుంచి పాపికొండల నడుమ నుంచి లాంచీలు వస్తుండేవి. లాంచీ అంటే ఇంజను. నది మధ్యలో ఇంజను ఆగితే ఎవరూ వచ్చి బాగుచేయరు. పడవ మీద ఉన్నవాడే చేయాలి.

రెండోది రైలు దారి. ఇల్లందు దగ్గర 1889లో బొగ్గు తవ్వకం మొదలైంది. సింగరేణి గనులు తరువాత కొత్తగూడెందాకా పాకాయి. కొత్తగూడెం స్టేషనుకు భద్రాచలం రోడ్ అని పేరు పెట్టారు గానీ అక్కడి నుంచి గుడి దగ్గరకు ఇంకా నలభై కిలోమీటర్ల అడవి దారి ఉంది. గనుల్లో పంపులు, మోటార్లు, వర్క్‌షాపులు ఉన్నాయి. అక్కడ ఫిట్టరుగా, టర్నరుగా, ఎలక్ట్రీషియనుగా చేరిన కుర్రాళ్లు సెలవుకు ఇంటికి వస్తే ఊళ్లోని గడియారాలూ, తాళాలూ, స్టవ్వులూ వాళ్ల ముందుకు వచ్చేవి.

1965లో గోదావరి మీద వంతెన ప్రారంభమయ్యాక ఈ రెండు దారులూ భద్రాచలంలో కలిశాయి. లారీలు, బస్సులు వచ్చాయి. వాటి వెనుకే మెకానిక్ షెడ్లు వచ్చాయి. 1979లో సారపాకలో కాగితం, అట్ట తయారుచేసే మిల్లు పని మొదలుపెట్టింది. మన వీధుల్లో ఇప్పటికీ ఒకే పనిముట్టును ఒక ఇంట్లో పేచ్‌కస్ అనీ, పక్క ఇంట్లో స్క్రూడ్రైవర్ అనీ అంటుంటే మాకు ఆ రెండు దారులే గుర్తుకొస్తాయి.

దీపం, స్టవ్వు, కుట్టుమిషను

ఇళ్లలో మొదట విప్పినవి దీపాలే. పెట్రోమాక్స్ లైటును బెర్లిన్‌లో మాక్స్ గ్రేట్స్ 1910 ప్రాంతంలో తయారుచేశాడు. దానిలోని మాంటిల్ అంతకు ముందే ఆస్ట్రియా శాస్త్రవేత్త కార్ల్ అవర్ కనిపెట్టినది. మన పెళ్లిళ్లలో, రమజాను తరావీహ్ నమాజుల్లో, తిరునాళ్లలో ఆ లైటే వెలుగు. దాన్ని వెలిగించడం అందరికీ రాదు. పంపు కొట్టినా గాలి నిలవకపోతే తోలు వాషరు ఎండిందని అర్థం. దాన్ని తీసి, నూనెలో నానబెట్టి, వేళ్లతో అంచు విప్పార్చి పెడితే గాలి పడుతుంది. మంట ఎగిరెగిరి పడుతుంటే నిప్పిల్‌లో మసి చేరిందని అర్థం. పిన్నుతో పొడిస్తే పోతుంది. స్వీడన్‌లో 1892లో పుట్టిన ప్రైమస్ స్టవ్వుదీ ఇదే సూత్రం. మన ఇళ్లలో పంపు స్టవ్వు విప్పని ఆడవాళ్లు అరుదు. మరమ్మతు మగవాళ్ల పని అని ఎవరైనా అంటే మేము ఒప్పుకోం. పిన్ను పట్టుకొని నిప్పిల్ పొడిచిన మా అమ్మలే మాకు తొలి మేస్త్రీలు.

ఇక కుట్టుమిషను. అమెరికాలో ఐజాక్ సింగర్ 1851లో తన మిషనుకు పేటెంటు తీసుకున్నాడు. యంత్రాలంటే అంతగా ఇష్టపడని గాంధీగారు కూడా 1924లో ఒక సంభాషణలో సింగర్ మిషనును మినహాయించారు. మన సమాజంలో దర్జీ పని ఎన్ని ఇళ్లకు అన్నం పెట్టిందో చెప్పక్కర్లేదు. భర్త పోయిన ఇంట్లో, ఆడపిల్లల చదువు నడవాల్సిన ఇంట్లో, మిషను ఆగితే పొయ్యి ఆగినట్టే. అందుకే ఆ ఇళ్లలో చిన్న చిన్న రోగాలు అందరికీ తెలుసు. గుడ్డ కింది వైపున దారం ఉచ్చులు పడుతుంటే తప్పు చాలాసార్లు పై దారంలో ఉంటుంది. దారం సరిగా ఎక్కించలేదు, లేదా పై బిగువు చాలలేదు. కుట్టు తప్పుతుంటే సూది వంగిందో, తిరగేసి పెట్టారో చూడాలి. మిషను బరువుగా తొక్కాల్సి వస్తే పాత నూనె జిగురైపోయి, దాంట్లో దూది చేరిందన్నమాట. కిరసనాయిలు వేసి కాసేపు ఆడించి, మురికి తుడిచి, తరువాత మిషను నూనె వేస్తే చాలు. వంట నూనె వేసిన మిషను మాత్రం కొన్నాళ్లకే బిగుసుకుపోతుంది.

ఇక్కడ ఒక చరిత్ర చెప్పుకోవాలి. 1930లలో కలకత్తాలో బిషన్ దాస్ బసిల్ అనే మెకానిక్ విదేశీ మిషను లోపలి సంగతి తెలుసుకుని, మన దేశంలోనే కుట్టుమిషను తయారుచేశాడు. దానికి తన కూతురు పేరు పెట్టాడు. అదే ఉషా. అలాగే 1960ల మొదట్లో మాధురీ మాథుర్ అనే గృహిణి దగ్గరున్న విదేశీ మిక్సీ చెడిపోయింది. దాన్ని బాగుచేసే వాళ్లు ఇక్కడ లేరు. ఇంజనీరైన ఆమె భర్త సత్యప్రకాశ్ మాథుర్ ఆ పనికి పూనుకున్నారు. మన పప్పులూ, పసుపూ రుబ్బడానికి తట్టుకునే మోటారుతో 1963లో సుమీత్ మిక్సీ వచ్చింది. చెడిపోయిన వస్తువు ముందు కూర్చుని "ఇది ఎందుకు ఆగింది?" అని అడిగిన మనుషుల వల్ల ఒక పరిశ్రమే పుట్టిందని గమనించాలి.

ఇంజను

కరెంటు లేని పొలాలకు ఆయిల్ ఇంజను వచ్చింది. కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్ కంపెనీ పూనాలో 1946లో మొదలైంది. ఆ తరువాత వాగుల వెంట, గోదావరి లంకల్లో ఇంజను చప్పుడు మామూలైపోయింది. చర్ల, దుమ్ముగూడెం, బూర్గంపాడు రైతులకు మిరపతోట ఎండకుండా ఉండాలంటే ఇంజను ఆగకూడదు.

ఇంజను లోపల కనెక్టింగ్ రాడ్డు, క్రాంకు ఉంటాయి. పైకీ కిందికీ కదిలే పిస్టన్ బలాన్ని గుండ్రంగా తిరిగే బలంగా మార్చేది ఆ క్రాంకే. నీళ్లు తోడే యంత్రంలో క్రాంకును వాడిన పద్ధతిని బొమ్మలతో సహా రాసిపెట్టిన తొలి వాళ్లలో అల్ జజరీ ఒకరు. దియార్‌బకర్ ప్రాంతపు ఆర్తుకీ పాలకుల దగ్గర పనిచేసిన ఆయన 1206లో యాభై యంత్రాలను వివరిస్తూ ఒక గ్రంథం ముగించారు. ఆయన ఊరికే సిద్ధాంతం చెప్పలేదు. ఏ ముక్కను దేనితో చేయాలో, ఎలా అతకాలో, ఎలా పరీక్షించాలో రాశారు. చేతిపని చేసేవాడు తన పనిని రాసిపెట్టడం ఎంత అవసరమో ఈ ఒక్క ఉదాహరణ చాలు. రాయకుండా పోయిన మేస్త్రీల విద్య వాళ్ల జనాజాతోనే పోయింది. ఎనిమిది వందల ఏళ్ల కిందటి జజరీ యంత్రాలను మాత్రం ఆ గ్రంథం చూసి ఈ కాలంలో మళ్లీ కట్టగలిగారు.

మా ఎరికలో మంచి మేస్త్రీ ఎవరూ వస్తూనే పానా పట్టేవారు కాదు. మొదట అడుగుతారు: ఎప్పుడు ఆగింది? ఒక్కసారే ఆగిందా, మెల్లగా ఆగిందా? ఆగే ముందు చప్పుడు మారిందా? పొగ నల్లగా వచ్చిందా, తెల్లగా వచ్చిందా? ఆ తరువాత చూస్తారు, వాసన చూస్తారు, చేత్తో తిప్పి చూస్తారు. డీజిల్ ఇంజనుకు కావలసినవి మూడే: గాలి, డీజిల్, కంప్రెషన్. మెల్లగా ఆగితే డీజిల్ అందలేదని అనుమానించాలి. ట్యాంకు ఖాళీ అయ్యాక మళ్లీ డీజిల్ పోసినా ఇంజను పలకకపోతే పైపులో ఎయిర్ పట్టిందన్నమాట. స్క్రూ వదులు చేసి బుడగలు పోయేదాకా పంపు కొడితే సరిపోతుంది. హ్యాండిల్ తేలిగ్గా తిరిగిపోతుంటే కంప్రెషన్ పోయింది, అప్పుడు వాల్వులూ రింగులూ చూడాలి. మందు కొట్టే పవర్ స్ప్రేయరులో టూస్ట్రోక్ ఇంజనుకు పెట్రోలులో ఆయిల్ కలపడం మరిచిపోతే పిస్టన్ పట్టేస్తుంది. ఎక్కువ కలిపితే ప్లగ్గు మసిబారుతుంది. ఇవి పెద్ద చదువులేమీ కావు. వరుసగా ఆలోచించడం మాత్రమే. ఒక్కసారి ఒక్క మార్పే చేయాలి. నాలుగు ఒకేసారి మారిస్తే ఏది బాగుచేసిందో తెలియదు, ఏది చెడగొట్టిందో అంతకన్నా తెలియదు.

కరెంటు వచ్చాక

1966లో పాల్వంచ దగ్గర కొత్తగూడెం థర్మల్ కేంద్రం మొదటి యూనిట్ పని మొదలుపెట్టింది. అయినా లైను చివరి ఊళ్లకు కరెంటు వచ్చినప్పుడు దానితో పాటు లోవోల్టేజీ వచ్చింది. బల్బు ఎర్రగా కనబడేది, మోటారు మూలిగేది, చివరకు కాలేది. అలా వైండింగ్ షాపులు పుట్టాయి. కాలిన రాగి తీగను విప్పేటప్పుడు చుట్లు లెక్కపెట్టాలి, తీగ గేజీ కొలవాలి, ఏ గాడి నుంచి ఏ గాడికి వెళ్లిందో బొమ్మ గీసుకోవాలి. షాపు గోడ మీద బొగ్గుతో రాసిన ఆ లెక్కలే కుర్రాళ్లకు పాఠ్యపుస్తకం.

ఇంట్లో చేసుకోగల పనులు చాలానే ఉన్నాయి. సీలింగు ఫ్యాను మూలుగుతూ తిరగకుండా, చేత్తో తోస్తే తిరిగితే కండెన్సర్ పోయిందని అనుమానించాలి. అది కొద్ది రూపాయల వస్తువు. మెయిన్ ఆపి, పాత కండెన్సర్ మీద ఉన్న అంకెనే చూసి కొత్తది వేస్తే సరిపోతుంది. మిక్సీ హఠాత్తుగా ఆగితే ముందు కింద ఉన్న ఓవర్‌లోడ్ బొత్తాం నొక్కాలి. ఇంత తెలియక రిపేరు షాపుదాకా మోసుకెళ్లిన మిక్సీలు ఎన్నో. అదీ కాకపోతే కార్బన్లు అరిగాయేమో చూడాలి. కుక్కర్ ఆవిరి పక్క నుంచి పోతుంటే గ్యాస్కెట్టు గట్టిపడిందన్నమాట.

1986 ఆగస్టు

ఇంతదాకా చెప్పిందంతా ఒక ఎత్తు. 1986 ఆగస్టు ఒక ఎత్తు. ఆ నెల 16న భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగుల దగ్గర. దానికి మరో ఇరవై రెండున్నర అడుగులు పైన. అంత ఎత్తు నీరు అంతకు ముందు నమోదు కాలేదు, ఆ తరువాతా రాలేదు. ప్రాణాలు దక్కించుకున్న వాళ్లు నీరు తీశాక ఇళ్లకు తిరిగొచ్చి చూస్తే గోడ మీద మనిషి ఎత్తు దాటి బురద గీత. ఫ్యాన్లు, మోటార్లు, కుట్టుమిషన్లు, రేడియోలు, ఇంజన్లు, అన్నీ ఒండ్రులో.

ఆ రోజుల్లో మేము చేసిన తప్పు ఇక్కడ ఒప్పుకోవాలి. పైకి ఆరిపోయినట్టు కనబడిందని, కరెంటు రాగానే మా మోటారుకు స్విచ్ వేశాం. ఒక్క క్షణం మూలిగింది. తరువాత పొగ. పైన ఆరింది గానీ వైండింగ్ లోపల తడి అలాగే ఉంది. మా పక్క పొలం రైతు ఇంజనుదీ అదే కథ. సిలిండరులో నీళ్లున్నాయని చూడకుండా నలుగురు పట్టి హ్యాండిల్ తిప్పారు. గాలిని నొక్కితే నొక్కుకుంటుంది, నీళ్లు నొక్కుకోవు. కనెక్టింగ్ రాడ్డు వంగింది. వరద చంపని ఇంజను మా తొందర చంపింది.

అప్పుడు మా బజారులో ఒక ముసలి ఉస్తాద్‌గారు ఉండేవారు. తన షాపూ మునిగింది. ఆయన ఎవరినీ తిట్టలేదు. "బేటా, నీళ్లు దాన్ని ఆపాయి, నువ్వు కాల్చావు" అన్నారు, అంతే. మర్నాటి నుంచి షాపు ముందు బల్ల వేసి, వచ్చిన ప్రతివాడికీ ఒకే మాట చెప్పేవారు: "స్విచ్ వెయ్యొద్దు. ముందు విప్పు." బురద ఎండితే రాయైపోతుంది కాబట్టి మోటారు విప్పి ముందు మంచినీళ్లతో కడగాలి. నీళ్లలో మునిగిన దాన్ని మళ్లీ నీళ్లతో కడగమంటే జనం వింతగా చూసేవారు. తరువాత చెక్కపెట్టెలో పెట్టి, లోపల బల్బు వెలిగించి, ఆ వేడికి రెండు మూడు రోజులు ఆరనివ్వాలి. బేరింగుల్లో పాత గ్రీజు తీసి కొత్తది పెట్టాలి. ఆపైన మెగ్గర్‌తో పరీక్షించి, కనీసం ఒక మెగ్‌ఓమ్ చూపిస్తేనే కరెంటు ఇవ్వాలి. ఇంజనుకైతే ఆయిలూ, డీజిలూ పూర్తిగా దింపి, ఇంజెక్టరు ఊడదీసి, మెల్లగా చేత్తో తిప్పి నీళ్లు బయటికి పోనివ్వాలి. కుట్టుమిషనును కడిగి, కిరసనాయిలులో నానబెట్టి, నూనె పెట్టాలి.

అలా చేసినవి చాలావరకు మళ్లీ నడిచాయి. కుట్టుమిషన్లు ముందు బాగుచేయాలని ఆయన పట్టు. ఎందుకని అడిగితే, "ఫ్యాను లేకపోతే చెమట పడుతుంది, మిషను లేకపోతే ఆకలేస్తుంది" అన్నారు. ఆ వరుస క్రమమే మాకు సంక్షేమం అనే మాటకు అసలు అర్థం నేర్పింది.

తరువాతి కాలంలో ఊరికి కరకట్ట వచ్చింది. అయినా 2022 జూలై 16న గోదావరి 71.3 అడుగులకు వచ్చినప్పుడు వంతెన మీద రాకపోకలు ఆపేశారు, లోతట్టు కాలనీలూ అటు సారపాక, బూర్గంపాడు వైపు ఇళ్లూ మళ్లీ నీళ్లు చూశాయి. ఈసారి మేము తెలిసిన ఇళ్లన్నిటికీ ఫోను చేసి ముసలాయన మాటే చెప్పాం. స్విచ్ వెయ్యొద్దు. ఫ్యాన్లు, మోటార్లు, మిషన్లు ఆ పాత పద్ధతిలోనే దక్కాయి. కానీ ఒక తేడా కనబడింది. కొత్త వాషింగు మిషన్లు, కొత్త రకం ఫ్యాన్లు చాలా వాటికి లోపల సర్క్యూటు బోర్డు ఉంటుంది. అది పోతే మొత్తం బోర్డు మార్చాల్సిందే. బోర్డు ధర విని కొందరు వస్తువునే వదిలేశారు. 1986లో మనకు తెలియకపోవడం వల్ల వస్తువు పోయింది. 2022లో తెలిసి కూడా విప్పే వీల్లేక పోయింది.

చేయకూడని మరమ్మతు

సొంత మరమ్మతును పొగిడి ఊరుకుంటే మా బాధ్యత తీరదు. ఫ్యూజులో లావు తీగ వేయడం మరమ్మతు కాదు, ఇంటికి నిప్పు పెట్టుకోవడం. మూడో పిన్ను విరగ్గొట్టి ప్లగ్గు దూర్చడం కూడా అంతే. ఆ పిన్నే ఎర్తు. తడి చేత్తో మోటారు ముట్టుకున్న రోజున ప్రాణం కాపాడేది అదే. గ్యాసు రెగ్యులేటరు, గ్యాసు ట్యూబు బాగుచేయాలని చూడకండి, మార్చేయండి. కుక్కర్ సేఫ్టీ వాల్వు పోతే దాని స్థానంలో మేకో, సీలో పెట్టకండి. పాత పిక్చర్ ట్యూబు టీవీల్లో, మైక్రోవేవ్ పొయ్యిలో కరెంటు తీసేసిన తరువాత కూడా కండెన్సర్‌లో ప్రాణం తీసేంత విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. అవి తెలిసిన వాళ్లకే వదలాలి. ఎక్కడ ఆగాలో తెలియడం కూడా హునరే.

ఇప్పుడు

మన కళ్ల ముందు ఇంకో మార్పు జరుగుతోంది. షాపుల్లో నేర్చుకోవడానికి కూర్చునే కుర్రాళ్లు తగ్గారు. చదువుకుంటున్నారు, అది మంచిదే. పన్నెండేళ్ల పిల్లవాణ్ణి బడి మాన్పించి మసి గుడ్డ చేతికిచ్చిన రోజులు మళ్లీ రావాలని మేము కోరుకోవడం లేదు. కానీ బడిలో విద్యుత్తు పాఠం చదివిన పిల్లవాడికి ఇంట్లో ఫ్యాను కండెన్సర్ ఎక్కడుందో తెలియకపోతే ఆ పాఠం సగమే చదివినట్టు.

ప్రపంచంలోనూ ఈ చర్చ నడుస్తోంది. 2009లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మార్టిన్ పోస్ట్‌మా అనే ఆమె రిపేర్ కేఫే అని ఒకటి మొదలుపెట్టారు. చెడిపోయిన వస్తువు తెచ్చుకుంటే, తెలిసినవాళ్లు పక్కన కూర్చుని బాగుచేయడం చూపిస్తారు. ఫ్రాన్సులో 2021 నుంచి కొన్ని వస్తువుల మీద, అవి ఎంత సులువుగా బాగవుతాయో పదికి మార్కులు వేసి చూపాలని నియమం పెట్టారు. మన దేశంలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు మీద ఒక కమిటీ వేసింది. అది 2022 జూలైలో, సరిగ్గా మన ఊరు నీళ్లలో ఉన్న నెలలోనే. కొన్న వస్తువును విప్పే హక్కు, దాని విడిభాగాలు దొరికే హక్కు, దాన్ని బాగుచేసే పద్ధతి తెలుసుకునే హక్కు కొన్నవాడికి ఉండాలన్నదే ఇందులోని సారం. ఆ బజారు బల్ల దగ్గర ఉస్తాద్‌గారు ఏ చట్టమూ లేకుండానే ఇచ్చింది ఇదే కదా.

ఆయన ఇప్పుడు లేరు. ఆయన షాపు గోడ మీది లెక్కలకు సున్నం వేసేశారు. ఒక్క లెక్కా మేము రాసుకోలేదు. ఆ తప్పు మళ్లీ జరగకూడదనే ఈ ఏడు మేము రెండు వందల పేజీల నోటుపుస్తకం ఒకటి కొన్నాం. ఊళ్లో ఇంకా ఉన్న వైండింగు వాళ్ల దగ్గర, మిషను మెకానిక్కుల దగ్గర, లాంచీ ఇంజన్లు తెలిసిన పెద్దల దగ్గర కూర్చుని వాళ్లు చెప్పింది రాస్తున్నాం. ఇప్పటికి నలభై పేజీలు నిండాయి. మొదటి పేజీలో ఉస్తాద్‌గారి మాటే ఉంది: స్విచ్ వెయ్యొద్దు, ముందు విప్పు. మిగతా పేజీల కోసం మీ ఇంటి అటక మీది పెట్టె ఒకసారి కిందికి దించండి. అందులో ఏముందో, దాన్ని ఎవరు ఎలా వాడేవారో మీ ఇంటి పెద్దవాళ్లను అడిగి వచ్చి చెప్పండి. మేము రాసుకుంటాం.